మద్యము అమ్ము లైసెన్సు: గ్రామ పంచాయతి తెలిసికొనవలసిన సంగతులు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో గ్రామసభలకు పోయినప్పుడెల్ల మాకు రెండు ప్రశ్నలు తప్పక ఎదురగుచుండును. మొదటిది చదువుకొన్న యువకులు అడుగునది: "మద్యపు దుకాణమునకు లైసెన్సు కావలెనన్న దరఖాస్తు ఎవరికి పెట్టుకొనవలెను?" రెండవది సభలో వెనుక వరుసనున్న స్త్రీలు అడుగునది: "బాబూ, మాకు సెప్పకుండా మా ఊర్లో దుకానం ఎట్టీసినారు. ఎవులిని అడిగి ఎట్టినారు?" ఈ రెండు ప్రశ్నలును ముందుగా పంచాయతి కార్యాలయపు గుమ్మమునకే వచ్చును. జవాబు తెలియక సర్పంచియు, సభ్యులును ఇబ్బంది పడుదురు. కొందరు "అది మా చేతిలో లేదు" అని చేతులు దులుపుకొందురు. మరికొందరు తమ చేతిలో లేని దానిని కూడ చేయించెదమని మాట యిచ్చి, తరువాత మాట పోగొట్టుకొందురు.

మేమిచ్చట చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. మద్యము అమ్ముటకు లైసెన్సు ఇచ్చునది పంచాయతి కాదు. కాని ఆ లైసెన్సులో వ్రాయబడిన ప్రతి షరతును గ్రామమునకు రక్షణగా ఉపయోగపడును. షరతులు ఎరిగిన పంచాయతి ఉన్నచోట దుకాణము తన హద్దులో నుండును. షరతులు ఎరుగని చోట ఒక్క దుకాణము పది దుకాణములై వీధివీధికి ప్రాకును. కావున లైసెన్సు ఎట్లు పుట్టునో, దానికి హద్దులేవో, అందులో గ్రామమునకు గల పాత్ర యెంతయో క్రమముగా వివరింతుము.

లైసెన్సు యనగా హక్కు కాదు

కిరాణా కొట్టు పెట్టుకొనుట, బట్టల వ్యాపారము చేయుట పౌరుని హక్కు. మద్యపు వ్యాపారము అట్టిది కాదు. మత్తు పానీయములను గూర్చి శాసనము చేయు అధికారమును మన రాజ్యాంగము రాష్ట్రములకు ఇచ్చినది. ఔషధముగా తప్ప మత్తు పదార్థముల వినియోగమును నిషేధించుటకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము ఆదేశించుచున్నది. మత్తు పానీయములు అమ్ముట ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ వ్యాజ్యములో స్పష్టపరచినది.

అనగా మద్యము అమ్మునట్టి ప్రత్యేకాధికారము ప్రభుత్వమునదే. దానిలో కొంత భాగమును, కొంత కాలమునకు, కొంత రుసుము పుచ్చుకొని, కొన్ని షరతులపై ఒక వ్యక్తికి అప్పగించు కాగితమే లైసెన్సు. గడువు తీరగనే అది పోవును. షరతు తప్పినచో గడువునకు ముందే రద్దు కావచ్చును. ఈ ఏర్పాటునకు మూలము ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము, 1968. లైసెన్సు లేక మద్యము తయారుచేయుట, అమ్ముట, పరిమితికి మించి దగ్గర నుంచుకొనుట ఈ చట్టము క్రింద నేరములు.

మన ప్రాంతపు అనుభవము

శ్రీకాకుళము జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్టణము జిల్లానుండి విడివడి ఏర్పడినది. అప్పటికి ఇచ్చట మద్యనిషేధము అమలులో నుండెను. 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టము సేలము జిల్లాలో మొదలై, 1948 అక్టోబరు నాటికి ఆ రాష్ట్రమంతట వ్యాపించినది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా ఆ చట్టమును వెంట వచ్చినది. నిషేధమును గూర్చిన వివాదముపైననే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో శాసనసభ విశ్వాసమును కోల్పోయి పతనమైనది. 1968 నాటి ఎక్సైజు చట్టముతో నిషేధపు కాలము ముగిసి, లైసెన్సుల కాలము ఆరంభమైనది.

తరువాతి చరిత్ర పెక్కుమందికి జ్ఞాపకముండును. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము 1992లో రాష్ట్రమంతట ప్రతిధ్వనించినది. 1993 అక్టోబరు 1 నుండి సారా అమ్మకము నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చి, 1997లో సడలింపబడెను. ప్రైవేటు దుకాణముల స్థానమున 2019 అక్టోబరు 1 నుండి ప్రభుత్వ సంస్థయే దుకాణములు నడపెను. 2024 అక్టోబరు 16 నుండి దుకాణములు మరల ప్రైవేటు లైసెన్సుదారుల చేతికి వచ్చెను.

ఈ చరిత్ర చెప్పుటకు కారణము గలదు. మద్యపు విధానము ఐదేండ్లకో, రెండేండ్లకో మారుచుండును. నిరుడు విన్న నియమము నేడు చెల్లకపోవచ్చును. కావున సభ్యులు ఎవరో చెప్పిన మాటను గాక, ఆ కాలమునకు వెలువడిన గెజిటు ప్రకటనను చూచుకొనుట అవసరము.

దరఖాస్తు నడచు త్రోవ

దుకాణము పెట్టదలచినవాడు తనకు తోచినప్పుడు పోయి అర్జీ ఇచ్చుటకు వీలులేదు. ఎచట ఎన్ని దుకాణములుండవలెనో ముందుగా ప్రభుత్వమే నిర్ణయించును. ఆ సంఖ్యను, ప్రాంతమును, రుసుమును, గడువును తెలుపుచు జిల్లా గెజిటులో ప్రకటన వెలువడును. ఆ ప్రకటనలోని తేదీల మధ్యనే దరఖాస్తు చేసికొనవలెను.

ఉదాహరణమునకు 2024 నాటి విధానమును చూతము. రాష్ట్రమంతటికి 3,396 దుకాణములు ప్రకటింపబడెను. లైసెన్సు కాలము 2026 సెప్టెంబరు నెలాఖరు వరకు. ఒక్కొక్క దరఖాస్తునకు రుసుము 2 లక్షల రూపాయలు. ఇది తిరిగి ఇయ్యబడని రుసుము. ఒకరు ఎన్ని దరఖాస్తులైనను పెట్టవచ్చును, కాని ప్రతిదానికిని రుసుము వేరుగా చెల్లింపవలెను. వచ్చిన దరఖాస్తులు 89,882. అక్టోబరు 14న జిల్లా కేంద్రములలో అధికారుల సమక్షమున చీట్లు తీసి లైసెన్సుదారులను ఎంపిక చేసిరి. చీటి దక్కినవారు వెంటనే లైసెన్సు రుసుములో మొదటి వాయిదాను చెల్లింపవలసి యుండెను.

వార్షిక లైసెన్సు రుసుము ఆ ప్రాంతపు జనాభాను బట్టి నాలుగు తరగతులుగా నుండెను. 10,000 వరకు జనాభా ఉన్నచోట 50 లక్షలు, 50,000 వరకు 55 లక్షలు, 5 లక్షల వరకు 65 లక్షలు, అంతకు మించినచోట 85 లక్షల రూపాయలు.

ఇచ్చట సభ్యులు తమ గ్రామపు యువకులకు చెప్పవలసిన సంగతి యొకటి గలదు. 89,882 దరఖాస్తులలో దుకాణము దక్కినవి 3,396 మాత్రమే. తక్కిన 86 వేల పైచిలుకు దరఖాస్తులపై చెల్లించిన సొమ్ము ఖజానాకు చేరినది. పొలము తాకట్టుపెట్టియో, నలుగురు కలిసి వడ్డీకి తెచ్చియో దరఖాస్తు పెట్టినవారికి చీటి రాకపోయినచో అప్పు మాత్రము మిగులును. చీటి వచ్చినను దుకాణపు అద్దె, సరకు పెట్టుబడి, రుసుము వాయిదాలు, సిబ్బంది జీతములు వెంట వచ్చుచుండును. కావున అర్జీ పెట్టుటకు ముందు "చీటి రాకపోయినచో ఈ సొమ్ము పోవును, పోయినను నా ఇల్లు నిలుచునా?" యని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఎంపిక అయిన వ్యక్తి ప్రకటనలో చెప్పిన ప్రాంతములోపలనే ఒక ఇంటిని చూచుకొని, ఆ ఇంటి వివరములను ఎక్సైజు అధికారులకు తెలుపవలెను. వారు స్థలమును పరీక్షించి, నియమములకు సరిపోయినచో లైసెన్సు ఇత్తురు. గ్రామమునకు ఇదియే ముఖ్యమైన ఘట్టము. చీటి పడిన దినమున దుకాణము ఏ వీధిలో వచ్చునో సాధారణముగా తెలియదు. స్థలపరీక్ష జరుగుచుండగనే ఆక్షేపణ తెలిపినచో అధికారులు దానిని అప్పుడే విచారింపగలరు. దుకాణము తెరచి, సరకు దింపి, పెట్టుబడి పెట్టిన తరువాత దానిని కదల్చుట అందరికిని కష్టమే.

స్థలమునకు గల హద్దులు

దేవాలయము, మసీదు, చర్చి మొదలగు ప్రార్థనాస్థలములకు, విద్యాసంస్థలకు, ఆసుపత్రులకు 100 మీటర్ల లోపల మద్యపు దుకాణము ఉండరాదను నియమము మన రాష్ట్రపు దుకాణ నియమములలో చిరకాలముగా నున్నది. వినుటకు ఇది సులభము. కాని పెక్కు ఫిర్యాదులు నిలువకపోవుటకు కారణము దీని వివరములను ఎరుగకపోవుటయే.

మొదటిది, కొలత. దూరమును ఆకాశమార్గమున గీత గీచి కొలువరు. దుకాణపు ద్వారము నడుమనుండి, మనిషి మామూలుగా నడచిపోవు దగ్గరి దారి వెంబడి, బడి లేక గుడి ద్వారము వరకు కొలుతురు. రెండవది, నిర్వచనము. ఏది గుడి, ఏది బడి, ఏది ఆసుపత్రి యనుటకు నియమములలో అర్థము చెప్పబడి యుండును. ప్రభుత్వపు గుర్తింపు, నమోదు మొదలగునవి చూతురు. ఊరి పొలిమేరలోని అమ్మవారి గద్దెకు గ్రామస్థుల మనస్సులో నున్న స్థానము నమోదు పుస్తకములో నుండకపోవచ్చును. మూడవది, కాలము. దుకాణము వచ్చిన తరువాత దాని ప్రక్కన కట్టిన గుడికో, బడికో ఈ నియమము సాధారణముగా వర్తింపదు. కావున గ్రామములోని గుడులు, బడులు నమోదైనవో కావో పంచాయతి ముందుగానే చూచుకొనుట మేలు.

ఇక రహదారి సంగతి. ఇచ్ఛాపురమునుండి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళము, రణస్థలము మీదుగా భోగాపురము వైపునకు సాగు 16వ నంబరు జాతీయ రహదారి మన జిల్లాలకు జీవనాడి వంటిది. దానిపై జరుగు ప్రమాదములలో మన ఊళ్ల మనుష్యులే పెక్కుమంది ప్రాణములు పోగొట్టుకొనుచున్నారు. జాతీయ, రాష్ట్ర రహదారుల అంచునుండి 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పినది. రహదారిపైకి కనబడునట్లు ప్రకటన పలకలు పెట్టరాదనియు, రహదారినుండి నేరుగా దుకాణములోనికి దారి ఉండరాదనియు అందులో నున్నది. 2017 మార్చి 31న దానిని సవరించి, 20,000 లోపు జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించినది. అదే సంవత్సరము జూలైలో మునిసిపాలిటీలకు సడలింపు వచ్చినది. 2018 ఫిబ్రవరిలో, పట్టణమువలె పెరిగిన పంచాయతి ప్రాంతములకు ఆ సడలింపు వర్తింపజేయుట రాష్ట్ర ప్రభుత్వముల నిర్ణయమునకు విడువబడినది. కావున రహదారి ప్రక్క గ్రామమువారు తమ పంచాయతి ఏ కోవకు చెందునో ఎక్సైజు కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను.

మన్యపు గ్రామములకు గల ప్రత్యేకాధికారము

"మమ్ము అడుగక ఎట్లు పెట్టిరి?" అను స్త్రీల ప్రశ్నకు మైదానపు గ్రామములలో ఒక జవాబు, మన్యపు గ్రామములలో మరియొక జవాబు గలదు.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురము, కురుపాము, సాలూరు, పాచిపెంట మొదలగు మండలములలో షెడ్యూల్డు ప్రాంతముగా ప్రకటింపబడిన గ్రామములు కలవు. 2022 ఏప్రిల్ 4 నుండి ఇవి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినవి. ఇట్టి గ్రామములకు 1996లో పార్లమెంటు చేసిన పంచాయతుల విస్తరణ చట్టము, అనగా జనులు పెసా చట్టమని పిలుచునది, వర్తించును. మత్తు పదార్థముల అమ్మకమును, వినియోగమును నిషేధించుటకో, క్రమపరచుటకో, పరిమితము చేయుటకో తగిన స్థాయి పంచాయతులకును, గ్రామసభకును అధికార ముండవలెనని ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. 1998లో రాష్ట్ర పంచాయతిరాజ్ చట్టమును అందుకు అనుగుణముగా సవరించి, 2011లో నియమములు చేసిరి.

దీనికి వెనుక నొక ఆలోచన గలదు. సవరలు, జాతాపులు మొదలగు గిరిజనులు జీలుగు కల్లును, కొత్తల పండుగలందలి పానీయములను తమ ఆచారములో భాగముగా వాడుకొనుచున్నారు. దానివలన కలిగిన నష్టముకంటె, వెలుపలి వ్యాపారి మద్యమును అరువిచ్చి, దానికి బదులుగా పంటను, అడవి ఫలసాయమును, తుదకు భూమిని లాగుకొనుటవలన కలిగిన నష్టము పెద్దది. అందుచేతనే గిరిజన ప్రాంతములలో మద్యపు వ్యాపారమును ఉపసంహరింపవలెననియు, గిరిజనులు తమ ఇంటి వాడుకకు సంప్రదాయ పానీయములు చేసికొనుటను అనుమతింపవలెననియు కేంద్ర ప్రభుత్వము 1975లోనే మార్గదర్శక సూత్రములు జారీచేసినది.

కావున మన్యపు గ్రామములో దుకాణపు ప్రస్తావన వచ్చినప్పుడు గ్రామసభను సక్రమముగా పిలిచి, దండోరా వేయించి, హాజరైనవారి సంతకములు లేక వ్రేలిముద్రలు తీసికొని, తీర్మానమును అనుకూలముగనో, ప్రతికూలముగనో స్పష్టముగా వ్రాయవలెను. ఒకరింటి అరుగుపై నలుగురు కూర్చుండి వ్రాసిన కాగితము గ్రామసభ తీర్మానము కానేరదు. అధికారము గ్రామసభకున్నను, కాగితము సరిగా లేకపోయినచో అది నిష్ప్రయోజన మగును.

మైదానపు పంచాయతులకు పెసా అధికారము లేదు. కొన్ని రాష్ట్రములలో వేరు పద్ధతులు గలవు. మహారాష్ట్రములోను, రాజస్థానములోను నిర్ణీత సంఖ్యలో ఓటర్లు కోరినచో ఓటు జరిపి, మెజారిటీ వ్యతిరేకించినచో దుకాణమును మూయు నియమము గలదు. మన మైదానపు పంచాయతి అట్టి ఓటుపై ఆధారపడుటకు వీలులేదు. దాని తీర్మానము ఆజ్ఞ గాదు, మనవి మాత్రమే. కాని దూరపు నియమము ఉల్లంఘింపబడినదని కొలతలతో, సాక్ష్యములతో చేసిన మనవికి మిక్కిలి బలముండును. "మాకు వద్దు" అని మాత్రము వ్రాసిన తీర్మానముకంటె, "దుకాణపు ద్వారమునుండి ప్రాథమిక పాఠశాల ద్వారమునకు నడకదారిన ఇన్ని మీటర్లు మాత్రమే యున్నది" అని వ్రాసిన తీర్మానమును అధికారి ప్రక్కన పెట్టజాలడు.

కల్లుగీతవారి సంగతి

లైసెన్సు ప్రస్తావనలో కల్లుగీత వృత్తివారిని మరువరాదు. తాటి, ఈత చెట్లను గీచి బ్రతుకు శ్రీశయన, సెగిడి, యాత మొదలగు కులములవారు మన జిల్లాలలో గలరు. కల్లునకు లైసెన్సు వేరు, దుకాణపు లైసెన్సు వేరు. గీతవారు సహకార సంఘముగా ఏర్పడి లైసెన్సు పొందవచ్చును, లేదా గీచువానికే చెట్టు అను పద్ధతిపై వ్యక్తిగతముగా పొందవచ్చును. తాను గీచిన చెట్టు కల్లును కల్తీ లేక అమ్ముట దీనిలోని ప్రధానమైన షరతు. మత్తుమందులు కలిపిన కల్లు ప్రాణాపాయకరము. అది వృత్తి కాదు, నేరము.

ఇవి గాక, 2024 విధానపు మద్యపు దుకాణములలో నూటికి 10 చొప్పున గీత కులములవారికి ప్రత్యేకింపబడెను. వారికి లైసెన్సు రుసుము ఇతరులు చెల్లించుదానిలో సగము. ఈ దుకాణములకు 2025 ఫిబ్రవరిలో చీట్లు తీసిరి. ఇట్టి సౌకర్యము వచ్చినప్పుడు గీతవాని పేరు ముందుంచి, వెనుకనుండి ధనవంతుడు వ్యాపారము చేయుట జరుగవచ్చును. పేరు ఎరువిచ్చినవాడు తుదకు బాధ్యత మోయవలసి వచ్చునని పంచాయతి సభ్యులు ఆ కుటుంబములకు తెలియజెప్పవలెను. షరతు తప్పినచో కేసు లైసెన్సు ఎవరి పేర నున్నదో వానిపైననే వచ్చును.

లైసెన్సు గల దుకాణము, లైసెన్సు లేని దుకాణము

లైసెన్సు ఒక వ్యక్తికి, ఒక ఇంటికి మాత్రమే చెల్లును. ఆ గోడల వెలుపల ఒక్క సీసా అమ్మినను అది లైసెన్సు లేని అమ్మకమే. 21 ఏండ్లు నిండనివారికి అమ్మరాదు. సీసాపై ముద్రించిన ధరకు మించి పుచ్చుకొనరాదు. మూత విప్పి పోయరాదు. 2024 విధానము ప్రకారము అమ్మకపు వేళలు ఉదయము 10 గంటలనుండి రాత్రి 10 గంటల వరకు. పార్లమెంటు, శాసనసభ ఎన్నికలలో పోలింగు ముగియు వేళకు ముందు 48 గంటలు అమ్మకము నిషిద్ధము. కూర్చుండి త్రాగుటకు గది ఏర్పరచుటకు వేరు అనుమతి కావలెను. పెండ్లికో, వేడుకకో కల్యాణమండపములో మద్యము పంచదలచినవారు కూడ ఎక్సైజు శాఖనుండి ఆ దినమునకు అనుమతి పొందవలెను.

ఇక మన గ్రామముల అసలు వ్యాధి బెల్టు దుకాణము. లైసెన్సు గల దుకాణమునుండి సీసాలు తెచ్చి, పాన్‌బడ్డీలోనో, కిరాణా కొట్టు వెనుకనో, ఇంటి పెరటిలోనో ఎక్కువ ధరకు అమ్ముదురు. దానికి వేళలు లేవు, వయస్సు హద్దు లేదు, దూరపు నియమము లేదు. అరువు మాత్రము గలదు. దుకాణము మండల కేంద్రములో నున్నప్పుడు త్రాగువాడు అంతదూరము పోవలెను, చేత డబ్బుండవలెను. బెల్టు దుకాణము ఆ రెండు అడ్డులను తొలగించును.

దీని ఫలమును లెక్క వేసి చూతము. 2024 విధానమున తక్కువ తరగతి క్వార్టరు సీసా 99 రూపాయలకు లభించునట్లు చేసిరి. ముద్రించిన ధరకే కొన్నను, దినమున కొకటి చొప్పున సంవత్సరమునకు 36,135 రూపాయలగును. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధిహామీ దినకూలి 300 రూపాయలు, చట్టము హామీ యిచ్చిన పనిదినములు 100. అనగా ఒక కుటుంబము హామీ పనియంతయు చేసి తెచ్చుకొన్న 30,000 రూపాయలు ఒక్కని దినవారీ సీసాకైనను చాలవు. బెల్టు దుకాణపు అదనపు ధరయు, అరువు వడ్డీయు ఈ లెక్కలో చేరలేదు. వెనుక వరుసలోని స్త్రీలు అడిగిన ప్రశ్నకు మూలము ఈ లెక్కయే. అది వారికి కాగితముపై గాక, పొయ్యిమీద తెలియును.

నాటుసారా దీనికంటె ప్రమాదకరము. బెల్లపు ఊటనుండి కాచిన సారాలో ఏమి కలిసినదో కాచినవానికే తెలియదు. మిథనాలు కలిసిన సారా త్రాగినచో చూపు పోవును, ప్రాణమును పోవును. త్రాగిన కొన్ని గంటల తరువాత చూపు మసకబారుట, వాంతులు, ఆయాసము కనబడినచో "నిషా దిగిపోవును" అని పండుకొనబెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మన జిల్లాలు ఒడిశా సరిహద్దున నుండుటచే సరిహద్దు గ్రామముల పంచాయతులు ఈ విషయమున మరింత జాగరూకత వహింపవలెను.

పంచాయతి చేయదగిన పనులు

పంచాయతి పోలీసు కాదు. సీసాలు పగులగొట్టుట, కొట్టుకు తాళము వేయుట సభ్యుల పని కాదు. అట్లు చేసినవారే కేసులో చిక్కుకొందురు. చేయదగిన పనులు వేరే కలవు.

జిల్లా గెజిటు ప్రకటన వెలువడినప్పుడు దాని ప్రతిని తెప్పించి, అందలి దుకాణముల సంఖ్యను, ప్రాంతమును, వేళలను గ్రామసభలో చదివి వినిపింపవలెను. గ్రామములోని బడులు, ప్రార్థనాస్థలములు, ఆసుపత్రులు, రహదారి అంచు చూపు పటమొకటి కార్యాలయములో సిద్ధముగా నుంచవలెను. దుకాణమునకు ఇల్లు చూచుచున్నారని తెలియగనే కొలత కొలిపించి, ఆక్షేపణ ఉన్నచో జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజు అధికారికి, కలెక్టరుకు వ్రాసి, ముట్టినట్లు రసీదు తీసికొనవలెను. బెల్టు దుకాణమును గూర్చి ఫిర్యాదు వ్రాయునప్పుడు స్థలము, తేదీ, వేళ, అమ్మిన సరకు వ్రాయవలెను. సీసాపైనున్న చీటీ, ముద్ర అది ఎచ్చటనుండి వచ్చినదో చూపగలవు, కనుక ఆ వివరములు జతపరచినచో లైసెన్సుదారుని వరకు విచారణ పోగలదు. 2020 నుండి కొంతకాలము ఇట్టి నేరములను చూచిన ప్రత్యేక విభాగము 2024లో రద్దయి, ఆ పని మరల ఎక్సైజు శాఖకే చేరినది. ఫిర్యాదులు ఆ శాఖ స్టేషనుకే పంపవలెను.

మరియొక మాట. మన రాష్ట్రపు పంచాయతులలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. ఈ విషయమున స్త్రీ సభ్యుల మాటకు ఇంటి అనుభవము తోడుగా నుండును. స్వయంసహాయక సంఘముల స్త్రీలను కూడ పిలిచి, ఫిర్యాదు చేసినవారి పేరు బయటపడకుండ పంచాయతియే తన పేరుతో పంపినచో ఒంటరి స్త్రీకి భయము తీరును. త్రాగుడు మానదలచినవానిని వెక్కిరింపక, ప్రభుత్వాసుపత్రిలో వ్యసనవిముక్తి చికిత్స గలదని తెలిపి పంపుటయు పంచాయతి చేయదగిన సేవయే.

మొదట చెప్పిన రెండు ప్రశ్నలకు ఇప్పుడు సభ్యులు జవాబు చెప్పగలరు. యువకునికి: "దరఖాస్తు మాకు కాదు, గెజిటు ప్రకటన ప్రకారము ఎక్సైజు శాఖకు. ముందు లెక్క వేసికొనుము." స్త్రీలకు: "అమ్మా, లైసెన్సు మేము ఇచ్చినది కాదు. కాని దాని షరతులు మా దగ్గర నున్నవి. రేపు కొలతబద్ద తీసికొని మీతో వత్తుము." ఈ రెండవ జవాబును చెప్పి, మరునాడు నిజముగా బయలుదేరిన పంచాయతి తన కర్తవ్యమును సరిగా నిర్వర్తించినదని మేము తలంతుము.